అమ్మింది ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, మన రోస్టరు కూడా

1991 జూలై 24న మన్మోహన్ సింగ్ పార్లమెంటులో బడ్జెట్ చదివాడు. ప్రభుత్వ కంపెనీల వాటాల అమ్మకానికి దారి తెరిచాడు. సరిగ్గా పదమూడు రోజులకి, ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఈ రెండు తేదీల్ని పక్కపక్కన పెట్టి చూసే మేధావి మనకి కనపడడు. ఒకటి ఆర్థికశాస్త్రమట, ఇంకోటి శాంతిభద్రతలట! గూడెంలో బతికేవాళ్ళం గనక మేం రెండూ కలిపే చూస్తాం.

ఇంకో తేదీ కూడా కలపండి. 1990 ఆగస్టు 7న వి.పి. సింగ్ మండల్ సిఫారసు అమలు చేస్తామన్నాడు. 1992 నవంబర్ 16న సుప్రీంకోర్టు బీసీల 27 శాతాన్ని ఖాయం చేసింది. అంటే సర్కారీ కొలువు గడప బీసీలు కూడా తొక్కబోతున్న రోజుల్లోనే ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఇది కుట్రా కాదా అని వాదించుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఎవరికేం మిగిలిందో చూస్తే చాలు.

ఎలా పోయిందో చెబుతాం, వినండి. రాజ్యాంగంలోని 16(4) అధికరణం రిజర్వేషన్ ఇచ్చింది ప్రభుత్వ ఉద్యోగాల్లో. కంపెనీలో సర్కారు వాటా 51 శాతం కంటే దిగిన రోజున అది ప్రభుత్వ కంపెనీ కాదు. రోస్టరు రిజిస్టరు మూసి బీరువాలో పెడతారు. రిజర్వేషన్ తీసేశాం అని ఏ మంత్రీ అననక్కర్లేదు, రాజ్యాంగంలో ఒక్క అక్షరం దిద్దనక్కర్లేదు. 2002లో నిజాం షుగర్స్ 51 శాతం ప్రైవేటు చేతిలో పెట్టారు. 2015 డిసెంబర్‌లో దానికి తాళం పడింది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల పరమైంది.

అంత దూరమెందుకు, ఆర్టీసీ అద్దె బస్సు ఎక్కి చూడండి. బోర్డు ఆర్టీసీదే, రంగు ఆర్టీసీదే. డ్రైవరు మాత్రం బస్సు యజమాని పెట్టుకున్న మనిషి. ఆ సీట్లో రోస్టరు ప్రకారం కూర్చోవలసిన మన పిల్లోడు ఎక్కడున్నాడు? హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు డ్రెస్సులో ఉన్నాడు. ఇక మునిసిపాలిటీ చెత్తబండి దగ్గర, డ్రైనేజీ దగ్గర ఎవరున్నారో మీకు తెలుసు. అక్కడ ఎంత కాంట్రాక్టు చేసినా మనవాళ్ళ కోటాకి ఢోకా లేదు!

ప్రభుత్వ కంపెనీలు నష్టాల్లో ఉన్నాయి, జనం సొమ్ము ఎందుకు తగలెయ్యాలి అంటారు. విశాఖ ఉక్కు సంగతి చూద్దాం. 2021 జనవరి 27న కేంద్రం అందులో నూరు శాతం వాటా అమ్మాలని నిర్ణయించింది. ఆ ఫ్యాక్టరీకి సొంత ఇనుప గనుల్లేవు. పక్క కంపెనీ సొంత గని తవ్వుకుని ఉక్కు చేస్తుంటే ఇది బజారు ధరకి ఖనిజం కొనుక్కోవాలి. పొలానికి నీళ్ళు కట్టేసి, పంట పండలేదు గనక అమ్మేస్తామనే కామందు మాట లాగుంది ఇది. పోరాటాల తర్వాత 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. సంతోషమే. కానీ ఆ పోరాట సభల్లో ఉపన్యాసాలిచ్చే యూనియన్ అన్నలకి మాదో ప్రశ్న. ఆంధ్రుల హక్కు అన్నారు, కార్మికుల హక్కు అన్నారు, రిజర్వేషన్ హక్కు అన్న మాట మీ నోట ఎందుకు గట్టిగా రాదు? ఫ్యాక్టరీ పోతే మీకు జీతం పోతుంది. మాకు వచ్చే తరం పోతుంది.

ప్రభుత్వ రంగమేమీ స్వర్గం కాదు. మనవాళ్ళని అటెండర్లుగా, స్వీపర్లుగా నింపి ఆఫీసర్ పోస్టుల్ని బ్యాక్‌లాగ్‌లో కుళ్ళబెట్టారు. అయినా అక్కడ అడగడానికి ఒక చట్టముంది, ఒక రిజిస్టరుంది. ప్రైవేటు వాడి గుమ్మం ముందు ఏముంది? మెరిట్ అంటాడు. లోపల బావమరిది, వియ్యంకుడు, వాళ్ళ ఊరోడు.

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ అనగానే అమ్మో, దానికి చాలా చర్చ జరగాలి అంటారు. 2004లో యూపీఏ ఉమ్మడి కార్యక్రమంలో ఆ మాట చేరింది. పరిశ్రమాధిపతులు చట్టం వద్దు, స్వచ్ఛందంగా చేస్తాం అన్నారు. ఆ స్వచ్ఛందం ఇవాళ్టికీ చట్టం కాలేదు. అదే అగ్రకుల పేదలకి 10 శాతం అనేసరికి? 2019 జనవరి 8న లోక్‌సభ, 9న రాజ్యసభ, 12న రాష్ట్రపతి సంతకం. నెలకి అరవై వేలు పైన సంపాదించే కుటుంబం కూడా అందులో పేదే. కూలికిపోయే మాదిగ, మాల తల్లి మాత్రం ఆ పేదల లెక్కలోకి రాదు. మనసుంటే రాజ్యాంగ సవరణ ఎంత వేగంగా నడుస్తుందో కాంగ్రెస్సూ బీజేపీ కలిసి చేతులెత్తి మరీ చూపించారు.

కీలక పరిశ్రమలు, బీమా, భూమి రాజ్యం చేతిలో ఉండాలని, అది రాజ్యాంగంలోనే రాయాలని 1947లోనే బాబాసాహెబ్ ‘రాష్ట్రాలు–మైనారిటీలు’లో కోరారు. ఏప్రిల్ 14న ఆయన విగ్రహానికి దండ వేసే చేతులే 2022 మేలో ఎల్ఐసీ వాటాలు బజారులో పెట్టాయి. లోక్‌సభలో ఎస్సీ రిజర్వుడు సీట్లు 84. అందులో ఏడు మన రెండు రాష్ట్రాలవి. అమ్మే ప్రతి కంపెనీలో రోస్టరు పోస్టులెన్నో, అవేమవుతాయో చెప్పాకే అమ్మకం గురించి మాట్లాడండని ఆ ఎనభై నాలుగు మందీ ఒక్క గొంతుతో అడిగారా? ఓటుకి వచ్చినప్పుడు మనం అడగాల్సింది సిమెంటు రోడ్డు గురించి ఒక్కటే కాదు.

అప్పటిదాకా ఊరుకోనక్కర్లేదు. మీ మండలంలో ఆసుపత్రి, కరెంటాఫీసు, హాస్టళ్ళలో ఔట్‌సోర్సింగ్ మీద ఎందరున్నారు, ఏజెన్సీ ఎవరిది, రోస్టరు పాటించారా అని సమాచార హక్కు చట్టం కింద రాయండి. తెల్లకాగితం చాలు. దారిద్ర్యరేఖకి దిగువనున్న వాళ్ళకి ఫీజు లేదు, కార్డు జిరాక్సు జతచెయ్యాలి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన జవాబులు మాకు పంపండి, మండలాల వారీగా అచ్చు వేస్తాం. జవాబివ్వని ఆఫీసుల పేర్లు కూడా వేస్తాం.