మెహర్ ఉధార్, గాడీ నఖద్

మన రిష్తాల్లో ఇప్పుడు ఒక మాట బాగా నలుగుతోంది. "జోడే కీ రఖమ్ వద్దండీ. సామాను కూడా వద్దు. పిల్లలు తిరగడానికి ఒక ఫ్యామిలీ గాడీ ఉంటే చాలు. పెద్దదేం కాదు, సస్తాలో వచ్చే డీజిల్‌ది." బోథ్‌లో విన్నా ఇదే, ఇచ్చోడలో విన్నా ఇదే. ఆదిలాబాద్, నిర్మల్ పోయినా, సరిహద్దు దాటి కిన్వట్ పోయినా ఇదే మాట. చెప్పేవాళ్ళు ఎంత షరాఫత్‌తో చెప్తారంటే, తామేదో వదులుకుంటున్నట్టు, ఆడపిల్ల తండ్రి మీద మెహర్బానీ చేస్తున్నట్టు ఉంటుంది.

ఇది మెహర్బానీ కాదు భాయీ. ఫర్నిచర్, ఫ్రిజ్, కూలర్, బంగారం, జోడే కీ రఖమ్ అన్నీ కలిపి ఒక తాళంచెవికి కట్టి అడగడం. పాత జహేజ్ లారీలో వచ్చేది, కొత్త జహేజ్ తనే నడిచి వస్తోంది. తేడా అంతే.

ముందు "సస్తా" అన్న మాట సంగతి చూద్దాం. డీజిల్ సస్తా అన్న ఖయాల్ మనకు ఎప్పటిది? సర్కారు డీజిల్ ధరను తన చేతిలో పెట్టుకున్న రోజులది. పెట్రోలు ధర మీద కంట్రోల్ 2010లోనే పోయింది, డీజిల్ మీద 2014 అక్టోబరు దాకా ఉంది. ఆ నడుమ రెండింటికీ మధ్య పెద్ద గ్యాప్ ఉండేది. డస్టర్, ఎకోస్పోర్ట్ మన రోడ్ల మీదికి వచ్చింది అప్పుడే. 2016లో మారుతీ బ్రెజ్జా వచ్చినప్పుడు ఒక్క డీజిల్ ఇంజనుతోనే వచ్చింది. ఊళ్ళో ఎవరి ఇంటి ముందు ఆ గాడీ ఆగితే వాళ్ళ షాన్ పెరిగింది. ఇప్పుడు ఆ జమానా లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది, మారుతీ డీజిల్‌ను పూర్తిగా వదిలేసింది. 2021లో ఫోర్డ్ కంపెనీ ఇండియాలో తయారీ ఆపేస్తున్నానని చెప్పేసింది. నాలుగు మీటర్ల లోపు డీజిల్ క్రాసోవర్లు ఇప్పుడు నెక్సాన్, వెన్యూ, సోనెట్, త్రీఎక్స్‌ఓ లాంటివి కొన్నే మిగిలాయి. అదే మోడల్ పెట్రోలు గాడీ కంటే డీజిల్ గాడీకి లక్షో, లక్షన్నరో ఎక్కువ పెట్టాలి.

హిసాబ్ వేద్దాం. పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిల్ 95 అనుకోండి. మన రోడ్ల మీద పెట్రోలు గాడీ లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ గాడీ 19 ఇచ్చిందనుకోండి. కిలోమీటరుకు మిగిలేది రెండు రూపాయలు, ఇంకాస్త. మన ఇళ్ళలో గాడీ ఎంత తిరుగుతుంది? దుకాణం, స్కూలు, జుమా, నెలకోసారి ఆదిలాబాద్, పెళ్ళిళ్ళకు నిర్మల్, ఈద్‌కు అత్తగారిల్లు. ఏడాదికి 8 వేల కిలోమీటర్లు వేసుకున్నా, డీజిల్ వల్ల మిగిలేది 16, 17 వేల రూపాయలు. ముందే ఎక్కువ పెట్టిన లక్షన్నర తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళు దాటుతుంది.

ఇంకో సంగతి. బీఎస్-6 డీజిల్ గాడీల్లో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే గాడీ అప్పుడప్పుడు హైవే మీద ఒకే స్పీడుతో కాసేపు నడవాలి. ఇంటి నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి మసీదుకు తిప్పితే మసి పేరుకుంటుంది, లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే ఫిల్టర్ ఖర్చు నడుము విరగ్గొడుతుంది. రోజూ 44వ నంబరు హైవే మీద నిర్మల్ దాకానో ఆదిలాబాద్ దాకానో పోయి వచ్చేవాళ్ళకు, గాడీ కిరాయికి నడిపి రోజీ కమాయించేవాళ్ళకు డీజిల్ పనికొస్తుంది. వాళ్ళ సంగతి వేరే, వాళ్ళకు అది జరూరత్. బజారులో చక్కర్లు కొట్టే దూల్హా భాయీకి డీజిల్ ఎందుకు? షౌఖ్. షౌఖ్ తప్పు కాదు, కానీ ఎవరి షౌఖ్‌కు వాళ్ళే పైసలు పెట్టాలి.

మరి పెట్టేదెవరు? ఆడపిల్ల అబ్బా.

ఆయన దగ్గర పది పన్నెండు లక్షలు ఎక్కడివి? మన దగ్గర కిరాణా దుకాణం, వెల్డింగ్ షాపు, దర్జీ పని, మెకానిక్ పని, ఆటో, నాలుగెకరాల పత్తి చేను. ఇవే కదా మన హైసియత్. అందుకే కర్జా తెస్తాడు. బ్యాంకులో 9 లక్షలు తొమ్మిదిన్నర శాతానికి ఏడేళ్ళకు తీసుకుంటే నెలకు కిస్తీ 14,700 దాకా పడుతుంది. ఏడేళ్ళలో ఒక్క సూద్ కిందే 3 లక్షల 35 వేల దాకా కడతాడు. అంటే ఏడాదికి 48 వేలు. మళ్ళీ హిసాబ్ చూడండి. డీజిల్ వల్ల అల్లుడికి ఏడాదికి మిగిలేది 16 వేలు, ఆ గాడీ కోసం మామ కట్టే సూద్ 48 వేలు. దీన్నా మనం సస్తా అంటున్నది?

బ్యాంకు ఇవ్వకపోతే బయట మిత్తికి తెస్తాడు. నూటికి రెండు రూపాయలన్నా, 5 లక్షలకు నెలకు 10 వేలు. అది మిత్తి మాత్రమే, అసలు అట్లానే ఉంటుంది. ఆ ఏడు పత్తి సరిగా పండకపోతే చేను పోతుంది. ఇంట్లో ఇంకో ఇద్దరు ఆడపిల్లలుంటే వాళ్ళ చదువు ఆగిపోతుంది. పెద్దదాని గాడీ కిస్తీలు చిన్నదాని కాలేజీ ఫీజును తినేస్తాయి.

సూద్ హరామ్ అని మనలో తెలియనివాళ్ళు ఎవరు? అల్లుడు జుమా నమాజ్‌కు ఆ గాడీలోనే వస్తాడు. బయాన్‌లో సూద్ మాట వస్తే తల ఊపుతాడు. తన పేరున కర్జా లేదు కాబట్టి తన చేతులు పాక్ అనుకుంటాడు. ఇంకొకడిని సూద్‌లోకి నెట్టి, తను సీటు బెల్టు పెట్టుకుని హాయిగా కూర్చుంటే అతని హిస్సా ఎక్కడికి పోతుంది?

ఇంక మెహర్ మాట. నికాహ్‌లో ఇవ్వాల్సింది ఎవరు? అబ్బాయి. ఎవరికి? అమ్మాయికి. మన సియాహ్‌నామాల్లో మెహర్ ఎంత రాస్తారు, ఎప్పుడు ఇస్తారు? ఎక్కువ భాగం "తర్వాత" అని రాస్తారు. ఆ తర్వాత తలాక్ అయినప్పుడో, మౌత్ అయినప్పుడో గుర్తుకొస్తుంది. కొందరు మయ్యత్ దగ్గర నిలబెట్టి, ఏడుస్తున్న బేవాతో మెహర్ మాఫ్ అనిపిస్తారు. ఉర్దూ మీడియం స్కూల్లో నేను నఖద్ అని నేర్చుకున్న మాటే తెలుగు డిగ్రీకి వచ్చేసరికి నగదు అయింది. రెండు జబాన్లలోనూ మానీ ఒకటే: ఇప్పుడే, చేతిలో. మన పెళ్ళిళ్ళలో షరీఅత్ ఫర్జ్ చేసిన మెహర్ ఉధార్‌గా మిగిలింది, షరీఅత్ అడగని గాడీ నఖద్ అయింది. ఇంత ఉల్టా హిసాబ్ ఇంకెక్కడైనా ఉందా?

"మేం అడగలేదు, వాళ్ళే ఖుషీసే ఇచ్చారు" అంటారు. ఖుషీతో ఇచ్చేవాడు మోడల్ అడిగి, రంగు అడిగి, సన్‌రూఫ్ ఉందా లేదా అని ఫోన్ చేయించుకుని ఇస్తాడా? 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న గాడీల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకు ముందు ఈ సైజు డీజిల్ గాడీల మీద సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది. నేను కూర్చున్న ఒక మాటల్లో అబ్బాయి మామూ ఏమన్నాడో తెలుసా? "రేట్లు తగ్గాయి కదా, అదే పైసలకు టాప్ మోడల్ వస్తుంది." సర్కారు తగ్గించిన టాక్స్ కూడా ఆడపిల్ల తండ్రి జేబుకు చేరలేదు.

"బీబీ ఫాతిమా (రజి.)కు కూడా జహేజ్ ఇచ్చారు కదా" అని ఇంకో దలీల్ తెస్తారు. ఉలమా చెప్పే రివాయత్ పూర్తిగా వినండి. హజ్రత్ అలీ (రజి.) తన జిరహ్ అమ్మి మెహర్ పైసలు తెచ్చారు, ఇంటి సామాను ఆ పైసలతోనే కొన్నారు. అమ్మింది అబ్బాయి. కొన్నది అబ్బాయి పైసలతో. మీరూ అట్లానే చేయండి, మీ బైకు అమ్మి మెహర్ ఇవ్వండి. ఎవరూ కాదనరు.

చట్టం కూడా చెప్తాను. 1961 నాటి కట్న నిషేధ చట్టం మనకూ వర్తిస్తుంది. ముస్లింల మెహర్‌ను ఆ చట్టమే కట్నం లెక్కలోంచి తీసి పక్కన పెట్టింది, గాడీని పెట్టలేదు. కట్నం ఇచ్చినా, పుచ్చుకున్నా కనీసం ఐదేళ్ళ జైలు, ఊరికే అడిగినా శిక్ష ఉంది. అదే చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. కట్నం కింద వచ్చిన ఏ వస్తువైనా ఇంకొకరి చేతిలో ఉంటే అది అమ్మాయికే చేరాలి, పెళ్ళికి ముందు పుచ్చుకున్నదైతే పెళ్ళయిన మూడు నెలల్లోగా. మన దగ్గర ఎన్ని గాడీల ఆర్‌సీ దుల్హన్ పేరున ఉంది? స్టీరింగ్ దగ్గర కూర్చునేది ఎవరు? ఆమెకు డ్రైవింగ్ నేర్పిస్తామని ఎవరైనా అన్నారా? "ఫ్యామిలీ గాడీ" అంటారు, ఆ గాడీకి ఎవరి ఫ్యామిలీ అయితే కర్జాలో మునిగిందో ఆ బేటీ వెనక సీట్లో కూర్చుంటుంది. తన అబ్బాకు తబియత్ బాగోలేదని ఆదిలాబాద్ రిమ్స్‌కు పోవాలంటే ఆ గాడీ తాళంచెవి షౌహర్‌ను అడగాలి, షౌహర్ తన అమ్మీని అడగాలి.

తెలంగాణ సర్కారు 2014 అక్టోబరులో షాదీ ముబారక్ మొదలుపెట్టినప్పుడు గరీబు ఆడపిల్ల నికాహ్‌కు 51 వేలు ఇచ్చింది. 2018 నుంచి 1,00,116 ఇస్తోంది. ఆ పైసల కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగే అబ్బాలను విలేఖరిగా ఎంతోమందిని చూశాను. ఆ లక్ష దేనికి? దుల్హన్ బట్టలకు, దావత్‌కు, నలుగురి ముందు ఇజ్జత్ నిలబెట్టుకోవడానికి. ఇప్పుడది గాడీ డౌన్ పేమెంట్ అవుతోంది. గరీబు బిడ్డ కోసం వచ్చిన సొమ్ము షోరూం కౌంటరుకు పోతోంది.

గాడీ వద్దని నేను అనట్లేదు. రాత్రి పూట ఇంట్లో ఎవరికైనా తబియత్ ఖరాబ్ అయితే, వానాకాలం చిన్నపిల్లలతో బైకు మీద పోవాల్సి వస్తే గాడీ విలువ తెలుస్తుంది. కొనుక్కోండి, మీ కమాయీతో కొనుక్కోండి. తిరిగేది తక్కువైతే పెట్రోలు చాలు. నాలుగైదేళ్ళు నడిచిన సెకండ్ హ్యాండ్ గాడీ తెలిసిన మెకానిక్‌కు చూపించి, చేతిలో ఉన్న పైసలతో తీసుకోండి. రెండేళ్ళు జమ చేసి కొన్న పాత గాడీలో కూర్చున్న అమ్మీ అబ్బాల ఖుషీ, మామ చేను అమ్మించి తెచ్చిన కొత్త గాడీలో దొరకదు.

నౌజవాన్లకు ఒక మాట. మీ పెద్దలు గాడీ మాట ఎత్తినప్పుడు మీరు ఫోన్ చూస్తూ కూర్చుంటారు. ఆ ఖామోషీయే మీ సంతకం. "నాకు వద్దు" అని అదే మాటల్లో, అందరి ముందు అనండి. మసీదు కమిటీ సదర్ సాబ్‌లకు, ఖాజీ సాబ్‌లకు ఒక గుజారిష్. నికాహ్ చదివే ముందు రెండు సవాళ్ళు అడగండి: మెహర్ చేతికి ఇచ్చారా, గాడీ ఎవరి పైసలతో వచ్చింది? జవాబు సరిగా లేకపోతే ఆ దావత్‌లో బిర్యానీ తినకుండా లేచి రండి. నలుగురు పెద్దలు నాలుగు పెళ్ళిళ్ళలో అట్లా లేస్తే చాలు, ఐదో పెళ్ళిలో గాడీ మాట ఎత్తడానికి ఎవరికీ హిమ్మత్ ఉండదు.