పసినోటిలో తెల్లని గీతలు

పసివాడు కంచం ముందు కూర్చొని "అమ్మా, నోరు మండుతున్నది" అంటే, బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమ పల్లెలోనైనా మన సమాధానం ఒక్కటే: "వేడి చేసింది." మజ్జిగ త్రాగిస్తాము, బి-కాంప్లెక్సు మాత్ర మ్రింగిస్తాము. సాధారణమైన నోటిపూత వారం పదిదినాలలో తానే మానుతుంది గనుక, మాన్పినది మాత్రయేనని నమ్ముతాము. ఈ నమ్మకమే ఒక్కొక్కప్పుడు బిడ్డకు కీడు చేస్తున్నదని నా అభిప్రాయం.

బుగ్గల లోపల, రెండు ప్రక్కలా, సాలెగూడువంటి తెల్లని గీతల అల్లికతో కనిపించే వ్యాధి ఒకటున్నది. దాని పేరు లైకెన్ ప్లానస్. 1869లో ఆంగ్లవైద్యుడు ఎరాస్మస్ విల్సన్ దీనిని వర్ణించాడు. నడివయస్సువారిలో అధికం, పిల్లలలో అరుదు. అయినా మన దేశపు బాలబాలికలలో ఇది కనిపించినట్లు వైద్యపత్రికలు పలుమార్లు ప్రకటించాయి. కనుక "పిల్లలకు రాదు" అని త్రోసిపుచ్చరాదు.

శరీరాన్ని రక్షించవలసిన టి-లింఫోసైటు కణాలే నోటిపొరపై దాడి చేయడం వల్ల ఇది కలుగుతుంది. అంటువ్యాధి కాదు. ఆ బిడ్డ గ్లాసును వేరుచేయడం అజ్ఞానం, అంతకుమించి నిర్దయ.

శిలీంధ్రం వల్ల వచ్చిన తెల్లపూత తుడిస్తే ఊడివస్తుంది. ఈ గీతలు ఊడవు. బుగ్గ కొరుక్కొనే అలవాటు, కొన్ని మందులు, పంటిలో నింపిన లోహం కూడా ఇటువంటి మచ్చలు కలిగించవచ్చు. సందేహమున్నచోట చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించడమే మార్గం. మంటలేని గీతలకు మందు అక్కరలేదు, కనిపెట్టి ఉండాలి. ఎర్రబడి పుండైతే ట్రయామ్సినలోన్ వంటి స్టెరాయిడు లేపనం వైద్యుడే వ్రాయాలి. ఆ లేపనమే శిలీంధ్రానికి త్రోవ తీయగలదు గనుక సొంతవైద్యం తగదు. కారం, ఆవకాయ కొంతకాలం మానాలి. పెద్దలలో బహుకొద్దిమందికి ఇది క్యాన్సరుగా మారినందున, పుండు మానినా ఏటేటా చూపించాలి.

బందరులో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో ప్రారంభమైంది. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్యకళాశాల ఉన్నది. కాని నాగాయలంక కూలితల్లికి విజయవాడ ప్రయాణమంటే ఒకనాటి కూలి పోవడమే. కనుక పరీక్షయే పల్లెకు రావాలి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద బడులలో పళ్ళు చూచే చేయి, బుగ్గను కూడా తెరచి చూడాలని నా మనవి.

విద్యార్థి సోదర సోదరీమణులారా! నేడే మీ ఇంటి పసివారి నోరు వెలుతురులో చూడండి. రెండు వారాలు దాటిన ఏ మచ్చనైనా "వేడి" అని వదలక, దంతవైద్యునికి చూపించండి.