పాత పెట్టెకు మరణశాసనమా?



"పాతబడింది, పారేసి కొత్తది కొనండి!" డెస్క్‌టాప్ కాస్త మందగిస్తే చాలు, అంగడివారు మొదలుకొని ఇంట్లో కుర్రవాడి దాకా అందరూ వల్లించే మంత్రమిది. నేను దీన్ని అంగీకరించను.

పదేళ్ళనాటి యంత్రాన్ని సాధారణంగా వెనక్కి లాగేది ప్రాసెసరు కాదు, హార్డ్‌డిస్కు. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్ళెంపై కావలసిన చోటు హెడ్డు కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్డు జరిగే కాలం దానికి అదనం. ఒక ప్రోగ్రాము తెరుచుకోవడానికి ఇటువంటి నిరీక్షణలు ఎన్నో. తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీకి ఆ బాధ లేదు. పాత సాటా తీగకే 256 జీబీ ఎస్ఎస్‌డీ తగిలించి, 4 జీబీ ర్యామును 8 చేస్తే, కొత్త యంత్రం ఖరీదులో కొద్ది భాగంతోనే పని నెరవేరుతుంది. (మదర్‌బోర్డుది డీడీఆర్3యో, డీడీఆర్4యో ముందే చూసుకోవాలి సుమా!)

"విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది, విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు కదా?" అంటారు. నిజమే. భద్రతా సవరణలు అందని వ్యవస్థతో అంతర్జాలంలో తిరగమని నేనూ చెప్పను. కానీ కాలం చెల్లింది సాఫ్ట్‌వేరుకు, శిక్ష యంత్రానికెందుకు? లినక్స్ మింట్ ఉచితం. యూనికోడు తెలుగు అందులో చక్కగా రాసుకోవచ్చు.

వీడియోలు కూర్చేవారికి, భారీ ఆటలాడేవారికి కొత్త యంత్రం అవసరమే కావచ్చు. చదువుకొని, రాసుకొనే మనబోంట్లకు మాత్రం ఒక స్క్రూడ్రైవరు, ఒక ఆదివారం చాలు.