గుర్రాల లెక్క చూసి ఇంజిన్ కొనొద్దు

ఫైబర్ పడవకు ఔట్‌బోర్డు ఇంజిన్ కొనాలనుకునే మత్స్యకారుడికి రేవులో ఎవరిని అడిగినా ఒకటే సలహా దొరుకుతుంది. పేరున్న కంపెనీది తీసుకో. చేతిలో ఉన్న డబ్బుకు ఎంత పెద్ద హెచ్‌పీ వస్తే అంత తీసుకో. టూ స్ట్రోకు దొరికితే మరీ మంచిది, ఫోర్ స్ట్రోకు సున్నితం, సముద్రానికి ఆగదు. ఇంజిన్ షాపువాడూ ఇదే అంటాడు, అప్పిచ్చే చేపల వ్యాపారీ ఇదే అంటాడు. ఈ సలహా తప్పు. డబ్బు దండగ చేయడం దానివల్ల జరిగే చిన్న నష్టం. ఇంజిన్ నడిసంద్రంలో ఆగిపోయే కారణాల మీదికి కొనేవాడి దృష్టి పోనివ్వకపోవడం పెద్ద నష్టం.

ఇంజిన్‌ను నమ్మి నలుగురు కళాసీలను పడవ ఎక్కించాలంటే మూడు విషయాలు కుదరాలి. అది ఆ పడవ బరువుకు తగినదై ఉండాలి. మన పంపుల్లో దొరికే పెట్రోలును తట్టుకోవాలి. పాడైతే విప్పి బిగించే మనిషి, మార్చాల్సిన సామాను ఒక పూటలో చేరుకోగలిగినంత దగ్గర ఉండాలి. కంపెనీ పేరు అడగాల్సింది ఆ తర్వాతే.

ముందు ఆ పేరు సంగతే తేలుద్దాం. ఔట్‌బోర్డు ఇంజిన్ అంటే ప్రపంచమంతా ఎవిన్‌రూడ్ అనుకున్న రోజులుండేవి. 1909లో అమెరికాలో మొదలైన పేరు అది. 2020లో దాని యజమాని బీఆర్‌పీ ఆ ఇంజిన్ల తయారీయే ఆపేసింది. నూట పదేళ్ల పేరు ఆ ఒక్క నిర్ణయాన్ని ఆపలేకపోయింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మెర్క్యురీ పేరుతో అమ్ముడైన చిన్న ఫోర్ స్ట్రోకుల్లో ఎన్నో టొహాట్సు తయారుచేసినవే. ఇంజిన్ ఒకటే, మూత మీది పేరు వేరు. యమహా, సుజుకి, హోండా, టొహాట్సు, మెర్క్యురీలలో దేని ఇంజిన్ అయినా సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది, చూసుకోకపోతే ఏదైనా చెడిపోతుంది. పేరున్నది కొంటే రేపు అమ్మినా రేటు పలుకుతుందన్న మాట మాత్రం నిజమే. కానీ అమ్మకపు ధర కోసం కొనడం వేరు, వేట కోసం కొనడం వేరు.

టూ స్ట్రోకును మెచ్చుకునేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. కదిలే భాగాలు తక్కువ, బరువు తక్కువ, ప్లగ్గు స్పానరుతో సముద్రంలోనే సగం రిపేర్లు అయిపోతాయి. కేరళ తీరంలో కిరసనాయిలుతో నడిచే టూ స్ట్రోకుల మీద ఒక తరం బతికింది. అయితే వేట పని ఎలా సాగుతుందో చూడండి. రేవు నుంచి వేట చోటికి పోయి వచ్చేంతసేపే పడవ వేగంగా నడుస్తుంది. వల వేసేటప్పుడు, లాగేటప్పుడు, వల పక్కన కాచుకుని ఉన్నప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. పెట్రోల్లో నూనె కలిపి కాల్చే టూ స్ట్రోకుకు అసలు గిట్టనిది ఆ నెమ్మది నడకే. నూనె సరిగ్గా కాలక ప్లగ్గు మసిబారుతుంది, అవసరానికి స్టార్ట్ కాదు. పైగా కార్బురేటర్ టూ స్ట్రోకులో పోసిన పెట్రోల్లో నాలుగో వంతు దాకా కాలకుండానే పొగగొట్టం దారిన సముద్రంలోకి పోతుంది. ఫోర్ స్ట్రోకు నూనెను విడిగా అడుగున ఉంచుకుంటుంది. ఎంత నెమ్మదిగా తిప్పినా నిలకడగా తిరుగుతుంది. హోండా 1964 నుంచి ఫోర్ స్ట్రోకు ఔట్‌బోర్డులు చేస్తోంది. అరవై ఏళ్లుగా సముద్రంలో తిరుగుతున్న పద్ధతిని కొత్తదనీ సున్నితమనీ అనడం అన్యాయం.

మరి సున్నితమన్న పేరు ఎందుకొచ్చింది? ఒక కారణం మన అలవాటు. వేట ముగిశాక ఇంజిన్ విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి ఎలా పడితే అలా పడుకోబెట్టడం టూ స్ట్రోకుల కాలం నుంచి వస్తున్నది. ఫోర్ స్ట్రోకును కంపెనీ చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి. రెండో పక్కకు పడుకోబెడితే అడుగున ఉన్న నూనె సిలిండర్లోకి పోతుంది, మర్నాడు తాడు లాగినా కదలదు. కొన్న కొత్తలో 20 గంటల నడకకే నూనె మార్చాలన్న సంగతి చాలా షాపుల్లో చెప్పనే చెప్పరు. ఇంకొకటి, నూనె తగ్గినా ఇంజిన్ వేడెక్కినా ఇప్పటి ఫోర్ స్ట్రోకు చాలావరకు కూతపెట్టి తన వేగం తానే తగ్గించుకుంటుంది. దాన్ని రోగమనుకుని ఆ హెచ్చరిక తీగ తెంపించేవాళ్లున్నారు. ఇంజిన్‌ను కాపాడడానికి పెట్టిన ఏర్పాటును తీసేసి, తర్వాత ఇంజిన్ కాలిపోయిందని కంపెనీని తిట్టడం తగదు.

ఇక హెచ్‌పీ మోజు. నీటిని తోసుకుంటూ పోయే పడవ వేగానికి దాని పొడవే హద్దు గీస్తుంది. నీటి మట్టం దగ్గర 28 అడుగులున్న పడవకు ఆ హద్దు సుమారు 7 నాట్లు, గంటకు 13 కిలోమీటర్లు. దాన్ని బాగా దాటాలంటే పడవ నీటి మీదికి లేచి జారాలి. వలలు, ఐసు, మనుషులు, చేపలు నిండిన పడవ అంత తేలిగ్గా లేవదు. అప్పుడు మీరు కొన్న అదనపు గుర్రాలన్నీ వెనక లేచే అలను పెంచడానికే పనికొస్తాయి. రెండు టన్నుల బరువుతో తేలే పడవకు 10 నుంచి 15 హెచ్‌పీ పనిచేస్తుంటే పక్కవాడిది 40 అని మనమూ 40 పెట్టడం దేనికి? 9.9 ఇంజిన్ పూర్తి వేగంలో గంటకు సుమారు 4 లీటర్లు తాగితే, 40 హెచ్‌పీ ఇంజిన్ 13 నుంచి 15 లీటర్లు తాగుతుంది. 9.9 సుమారు 40 కిలోలుంటుంది, ఇద్దరు మోయగలరు. 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోకు వంద కిలోలకు దగ్గర. దాన్ని రోజూ ఇంటికి మోయలేక ఒడ్డునే ఉప్పుగాలికి వదిలేస్తారు.

ఒడ్డున విరిగే కెరటాన్ని దాటడానికి బలం కావాలి కదా అంటారు. కావాలి. ఆ బలం హెచ్‌పీ ఒక్కదానితో రాదు. పెద్ద ఫ్యానును నెమ్మదిగా తిప్పే గేరు ఉంటే తోపుడు వస్తుంది. యమహాలో మామూలు 9.9కు గేరు నిష్పత్తి 2.08 అయితే, బరువు పడవల కోసం చేసిన హై థ్రస్ట్ 9.9కు 2.92. గుర్రాలు అవే, పని వేరు. ఫ్యాను పిచ్ (ఒక చుట్టుకు అది ముందుకు పోవాల్సిన దూరం) గురించి అడిగి ఇంజిన్ కొనేవాళ్లు మన తీరంలో అరుదు, మెషీన్లు చావడానికి మాత్రం అదీ ఒక పెద్ద కారణం. పడవ పూర్తి బరువుతో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పితే ఫోర్ స్ట్రోకు సాధారణంగా నిమిషానికి 5000 నుంచి 6000 చుట్లు తిరగాలి. 4500 దగ్గరే ఆగిపోతే పిచ్ ఎక్కువైందని అర్థం. అలాగే నడిపితే లోపల మసి పేరుకుని, వేడెక్కి, ఇంజిన్ ఆయుష్షు తగ్గిపోతుంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 చుట్లు పెరుగుతాయి. ఈ పరీక్ష ఖాళీ పడవతో చేసి చూపించే షాపును నమ్మకండి. వలలు, మనుషులు ఎక్కిన పడవతోనే చేయించండి. ఇంజిన్ కాలు పొడవు 15 అంగుళాలా, 20 అంగుళాలా అన్నదీ అప్పుడే తేలుతుంది. కాలు పొట్టిదైతే కెరటం మీద ఫ్యాను గాలి పీల్చి ఊరకే గిర్రున తిరుగుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది పెట్రోలు. దాని మాట ఎవరూ ఎత్తడం లేదు. మన పంపుల్లో పెట్రోల్లో ఎథనాల్ వాటా 2025కల్లా 20 శాతానికి చేరింది. ఔట్‌బోర్డు కంపెనీల మాన్యువళ్లు ఎక్కువగా అనుమతించేది 10 శాతం వరకే. కారుకు, మోటారు సైకిలుకు దీని మీద దేశమంతా చర్చ జరిగింది. సముద్రంలో తిరిగే ఇంజిన్ సంగతి పట్టించుకున్నవాళ్లు లేరు. ఎథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తీరంలో తేమకు కొదవ లేదు. తేమ ఒక హద్దు దాటితే ఎథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి డబ్బా అడుక్కు దిగుతాయి. ఇంజిన్ పీల్చేది ఆ అడుగు నుంచే. రేవు నుంచి పది కిలోమీటర్లు పోయాక ఉన్నట్టుండి ఆగిన ఇంజిన్ మూత విప్పి ప్లగ్గులు మార్చి లాభం లేదు. పాత రబ్బరు పైపులను, కార్బురేటర్ లోపలి సీళ్లను కూడా ఎథనాల్ దెబ్బతీస్తుంది. కాబట్టి కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఈ మోడల్ 20 శాతం ఎథనాలుకు ఒప్పుకుంటుందా, ఒప్పుకుంటే రాసిస్తారా? పెట్రోలు డబ్బాకూ ఇంజిన్‌కూ మధ్య నీటిని వేరుచేసే ఫిల్టరు తప్పనిసరి. ఇంజిన్ ధరతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, 61 రోజులు. ఇంజిన్లు ఎక్కువగా పాడయ్యేది సముద్రంలో కాదు, ఆ రెండు నెలల్లో పాకలో మూలన పడి ఉన్నప్పుడు అని నా అభిప్రాయం. కార్బురేటర్లో మిగిలిన పెట్రోలు బంకగా మారి సన్నని రంధ్రాలను పూడుస్తుంది. మంచినీళ్లతో కడగని నీటి దారుల్లో ఉప్పు గడ్డకడుతుంది. జూన్ 15న వేటకు పోవాలన్న ఆత్రంలో అదే ఇంజిన్‌ను పడవకు తగిలిస్తారు. కార్బురేటర్ ఖాళీ చేయడానికి, నీళ్లు పట్టి కడగడానికి, గేరు నూనె మార్చడానికి పట్టేది ఒక ఉదయం. ఆ గేరు నూనె తెల్లగా చిక్కబడి వచ్చిందంటే లోపలికి నీరు చేరినట్టే. అందుకు కారణం చాలాసార్లు వల దారమే. తెగిన నైలాను పోగు ఫ్యాను వెనక షాఫ్టుకు చుట్టుకుని ఆయిల్ సీలును కోసేస్తుంది. ఫ్యాను అప్పుడప్పుడు విప్పి చూడనివాళ్లకు ఇది గేరు బాక్సు పోయాకే తెలుస్తుంది.

ఇలాంటి పనులన్నీ చేయగల మనిషి దగ్గరలో లేకపోతే ఎంత మంచి ఇంజిన్ అయినా కొనకూడదు. పెట్రోలును కంప్యూటర్ కొలిచి చిమ్మే ఈఎఫ్‌ఐ ఇంజిన్ మంచిదే. బ్యాటరీ లేకుండా తాడు లాగి స్టార్ట్ చేసుకునే ఈఎఫ్‌ఐ రకాలను సుజుకి 2012 నుంచి చిన్న సైజుల్లో తెచ్చింది. నెమ్మదిగా తిరగడంలో, పెట్రోలు ఆదాలో వాటికి సాటి లేదు. కానీ అందులో తప్పు ఎక్కడుందో చూపించే వైరూ ల్యాప్‌టాపూ ఉన్న మెకానిక్ మీ రేవుకు దగ్గరలో లేకపోతే కార్బురేటర్ రకమే తీసుకోండి. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరు ఇసుక నీళ్లకు త్వరగా అరుగుతుంది. అది స్థానికంగా దొరుకుతుందో, వారం ఆగాలో ముందే తెలుసుకోవాలి.

సబ్సిడీ మీద ఇంజిన్లు ఇచ్చేటప్పుడు అధికారులు కూడా హెచ్‌పీనీ ధరనూ చూసి జాబితా తయారుచేస్తే, షాపుల్లో సాగే పొరపాటుకు ప్రభుత్వ డబ్బు తోడవుతుంది. ఇంజిన్ అమ్మే సంస్థ ఏ రేవులో మెకానిక్‌ను ఉంచుతుంది, ఇంపెల్లర్లు, సీళ్లు, తుప్పు ఆపే జింకు ముక్కలు ఎన్ని నిల్వ ఉంచుతుంది, మన పెట్రోలుకు హామీ ఇస్తుందా అన్నవి టెండరు షరతుల్లో ఉండాలి. కాస్త ఎక్కువ పెడితే వస్తుందని పెద్ద హెచ్‌పీ వైపు మొగ్గే కుటుంబానికి నా సలహా వేరు. అదే డబ్బుతో పడవకు సరిపోయే 15 హెచ్‌పీ ఫోర్ స్ట్రోకు ఒకటి, ఒడ్డు చేర్చడానికి పాతదైనా చిన్న ఇంజిన్ మరొకటి కొనండి. రెండిటికీ ఒకే డబ్బా నుంచి పెట్రోలు ఇవ్వకండి. అందులో నీరు చేరిందంటే రెండూ ఒకేసారి ఆగుతాయి.