నక్క మాట పుస్తకంలో లేదు

పిల్లలూ,

ఈ నెల మన పుస్తకాల అరను ఒక ఉత్తరంతో తెరుద్దాం. ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. వాళ్ళ తమ్ముడికి నాలుగేళ్ళు. ఇంకా బళ్ళో వెయ్యలేదు. సాయంత్రం అక్క బడి నుంచి రాగానే వాడు ఒక బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి ఆమె ఒళ్ళో కూచుంటాడట. రోజూ అదే పుస్తకం. పోనీ, బుద్ధిగా వింటాడా అంటే వినడు. అక్క పుట తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాడు. బొమ్మలో ఏ మూలనో వేలు పెట్టి, "ఇది ఎందుకు పడిపోయింది?" అంటాడు. కథ అక్కడే ఆగిపోతుంది.

"వాడికి చదువు మీద ధ్యాస లేదేమో అని నాకు భయంగా ఉంది," అని రాసింది ఆ అమ్మాయి. "పై నెలలో నాకు పరీక్షలు. అమ్మా నాన్నా పని నుంచి వచ్చేసరికి వాడు నిద్రపోతాడు. ఇంట్లో ఉండేది నాయనమ్మ ఒక్కతే. ఆవిడకు చదువు రాదు. నేను చదవకపోతే వాడికి పుస్తకం చదివేవాళ్ళే లేరు. ఏం చెయ్యమంటారు?"

అమ్మాయీ, నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ పుస్తకం తీసుకుపోయి నాయనమ్మ చేతిలో పెట్టు. నేను వేళాకోళానికి అనడం లేదు. ఎందుకన్నానో తెలియాలంటే ముందు నీకు ఒక కోడిపెట్ట సంగతి చెప్పాలి.

ఇంగ్లండులో పాట్ హచిన్స్ అనే చిత్రకారిణి ఉండేది. ఆమె 1968లో "రోజీస్ వాక్" అనే బొమ్మల పుస్తకం తయారుచేసింది. రోజీ అంటే ఒక కోడిపెట్ట. అది ఒకనాడు షికారు బయలుదేరుతుంది. పెరడు దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డివాము ఎక్కి దిగి, పిండిమర పక్కగా నడిచి, కంచె సందులోంచి దూరి, తేనెపెట్టెల కిందుగా పోయి, భోజనం వేళకు ఇల్లు చేరుకుంటుంది. కథ ఇంతే. పుస్తకం మొత్తంలో ఉన్నవి 32 ఇంగ్లీషు మాటలు. అన్నీ కలిపి ఒక్కటే వాక్యం. ఇదీ ఒక కథేనా అనిపిస్తుంది గదూ?

అక్షరాలు మాత్రమే చదివేవారికి అలాగే అనిపిస్తుంది. బొమ్మలు చూశారా, సంగతి వేరు. కోడిపెట్ట వెనకాలే ఒక నక్క పొంచి పొంచి వస్తూ ఉంటుంది! పెరట్లో అది కోడి మీదికి దూకుతుంది, కాని ఆకులు లాగే పళ్ళకర్ర మీద పడుతుంది. ఆ కర్ర లేచి దాని మూతి పగలగొడుతుంది. చెరువు దగ్గర దూకి నీళ్ళలో పడుతుంది. గడ్డివాములో కూరుకుపోతుంది. మర దగ్గర పిండి అంతా దాని నెత్తిన కురుస్తుంది. కంచె దగ్గర దూకి ఒక బండిలో పడితే, ఆ బండి దొర్లుకుంటూ పోయి తేనెపెట్టెలను గుద్దుతుంది. ఇక తేనెటీగలు ఊరుకుంటాయా? నక్క కాలికి బుద్ధి చెబుతుంది. పాపం, రోజీకి ఇదేమీ తెలియదు. మెడ నిక్కించుకుని నడిచి వెళ్ళిపోతుంది.

ఇంత జరిగినా ఆ 32 మాటల్లో "నక్క" అన్న మాట ఎక్కడా లేదు.

మరి నక్క సంగతి ఎవరు చెప్పాలి? పైకి చదివే అక్క చూపు అక్షరాల వెంట పోతుంది. ఒళ్ళో కూచున్న తమ్ముడు అరుస్తాడు: "అక్కా, నక్క! వెనకాల నక్క!" ఆ క్షణాన ఆ పుస్తకాన్ని సరిగా చదివినవాడు వాడే. చదువు వచ్చినవాళ్ళు వాణ్ణి చూసి నేర్చుకోవాలి.

ఇది నేను సరదాకి అంటున్న మాట కాదు. చూపు ఎటు తిరిగితే అటు కనిపెట్టే యంత్రాలున్నాయి. కెనడాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు అలాంటి యంత్రం పెట్టి, కథ చదివి వినిపించేటప్పుడు నాలుగైదేళ్ళ పిల్లలు ఎటు చూస్తారో పరీక్షించారు. ఆ సంగతులు 2005లో ప్రకటించారు. పిల్లల చూపు దాదాపు ఎంతసేపూ బొమ్మ మీదనే ఉంది. అక్షరాల మీదికి ఎప్పుడో గాని పోలేదు. అంటే ఒకే పుస్తకాన్ని ఇద్దరు రెండు విధాల చదువుతున్నారన్నమాట. నీ తమ్ముడు నీ చెయ్యి పట్టుకుని ఆపేది ధ్యాస లేక కాదు. నీది అయిపోయింది, వాడిది ఇంకా కాలేదు.

ఇక రోజూ అదే పుస్తకం ఎందుకు? ఇక్కడ ఇంకో పుస్తకం మాట చెప్పాలి. మన "చందమామ" మద్రాసులో పుట్టిన 1947లోనే అమెరికాలో "గుడ్ నైట్ మూన్" అనే పుస్తకం వచ్చింది. (అక్కడా చందమామే, చూశారా!) రాసినది మార్గరెట్ వైజ్ బ్రౌన్, బొమ్మలు వేసినది క్లెమెంట్ హర్డ్. ఒక కుందేలు పిల్ల పక్క మీద పడుకుని, గదిలో ఉన్న ఒక్కొక్క వస్తువునూ పేరు పెట్టి పలకరించి, ఇక పడుకుంటానని చెబుతుంది. అంతకన్న కథ లేదు. కాని రంగుల పుటల్లో ఆ గది కనిపించినప్పుడల్లా ఒక చిట్టెలుక ఒక్కొక్క చోట ఉంటుంది. అది ఎక్కడుందో మాటల్లో ఉండదు, వెతుక్కోవాలి. గోడ మీద గడియారం ఏడు గంటల దగ్గర బయలుదేరి ఎనిమిది దాటుతుంది. గది కొంచెం కొంచెంగా చీకటి పడుతుంది. కిటికీలో చంద్రుడు పైకి వస్తాడు. మొదటిసారి చదివినప్పుడు ఇవన్నీ ఎవరికి కనిపిస్తాయి? నాలుగోసారికి ఎలుక, పదోసారికి గడియారం. పెద్దవాళ్ళకు అది పాత పుస్తకం. చంటివాడికి అందులో ఇంకా చూడనిది ఏదో ఉంది.

ఇంగ్లండులో జరిగిన ఇంకొక పరీక్ష సంగతులు 2011లో ప్రకటించారు. మూడేళ్ళ పిల్లల్లో కొందరికి అవే కథలు మళ్ళీ మళ్ళీ చదివారు. తక్కినవారికి వేరు వేరు కథలు చదివారు. కొత్త మాటలు మాత్రం ఇద్దరికీ అన్నేసి సార్లే వినిపించేలా చూశారు. ఆ మాటలు ఎక్కువగా పట్టుబడింది అదే కథ మళ్ళీ విన్నవాళ్ళకు. కనుక తల్లులూ తండ్రులూ, "మళ్ళీ అదేనా!" అని విసుక్కోకండి. కొత్తది కొనలేదని బాధపడనూ వద్దు.

వేలు పెట్టే పిల్లలకు తగిన పుస్తకం ఇంకొకటి ఉంది. ఎరిక్ కార్ల్ అనే అమెరికా చిత్రకారుడు ఒకనాడు కాగితాలకు చిల్లులు వేసే పనిముట్టుతో ఆడుకుంటూ, ఆ చిల్లులు చూసి పుస్తకాలు తినే పురుగును తలుచుకున్నాడట. పురుగు కన్న గొంగళి పురుగు అయితే బాగుంటుందని ఆయన సంపాదకురాలు సలహా ఇచ్చింది. అలా 1969లో "ది వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్" వచ్చింది. ఆకలి మీదున్న పురుగు సోమవారం ఒక పండు, మంగళవారం రెండు, బుధవారం మూడు, ఇలా తింటూ పోతుంది. అది తిన్నచోటల్లా పుటకు నిజంగానే చిల్లు! ఇలా చిల్లులున్న పుస్తకాన్ని అందుబాటు ధరకు అచ్చువేసేవాళ్ళు అమెరికాలో దొరక్క, జపానులో అచ్చు వేయించారు. చిల్లులో వేలు దూర్చని పిల్లవాణ్ణి నేను ఊహించలేను. వేళ్ళతో వారాలూ, అంకెలూ వచ్చేస్తాయి.

ఆ పుస్తకంలో ఒక పొరపాటు మాత్రం ఉంది. పెద్ద పిల్లలు మీరు పట్టుకోగలరేమో చూడండి. గొంగళి పురుగు తన చుట్టూ గూడు అల్లుకుని, అందులోంచి సీతాకోకచిలుకగా వస్తుంది. కాని అలా గూడు అల్లుకునేది మన పట్టుపురుగు, దాని జాతివాళ్ళు. సీతాకోకచిలుకలు సాధారణంగా గూడు కట్టవు. కరివేపాకు మొక్క మీదనో, నిమ్మ మొక్క మీదనో తిరిగే పచ్చని పురుగును కనిపెట్టి ఉండండి. అది నడుముకు సన్నని దారం కట్టుకుని, కొమ్మను పట్టుకుని, చర్మం విడిచి ప్యూపాగా మారుతుంది. దాని మీద వేరే కప్పు ఏమీ ఉండదు. తమ్ముడికి పుస్తకం చూపించాక పెరట్లోకి తీసుకుపోయి ఇది కూడా చూపిస్తే, ఎరిక్ కార్ల్ మీద ఎవరికీ కోపం రాదు.

పాత పుస్తకాల్లో నాకు బాగా ఇష్టమైనది "పీటర్ రాబిట్". అది పుస్తకంగా పుట్టలేదు. 1893 సెప్టెంబరు 4న బియాట్రిక్స్ పాటర్ అనే ఆమె, జబ్బుపడి మంచం మీదున్న ఒక అయిదేళ్ళ కుర్రవాడికి ఉత్తరం రాసింది. ఏం రాయాలో తోచక నాలుగు కుందేలు పిల్లల కథ చెప్పి, మధ్య మధ్య బొమ్మలు గీసింది. తరువాత దాన్ని పుస్తకం చేద్దామంటే ప్రచురణకర్తలు వద్దన్నారు. ఆమె 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు అచ్చువేయించుకుంది. మరుసటి ఏడు ఒక ప్రచురణకర్త ముందుకొచ్చాడు. పుస్తకం చిన్న చేతుల్లో ఇమిడేటట్టు ఉండాలని ఆమె పట్టుబట్టింది. ఈ పట్టుదల మన పుస్తకాలు వేసేవాళ్ళకూ కొంచెం ఉంటే బాగుండును. పళ్ళెమంత పుస్తకాన్ని మూడేళ్ళ పిల్ల ఎలా మోస్తుంది?

సరే, నాయనమ్మ దగ్గరికి వద్దాం.

ఆవిడకు అక్షరాలు రావు. తమ్ముడికీ రావు. ఇద్దరి చూపూ బొమ్మ మీదనే ఉంటుంది. "ఈ పిట్ట ఎక్కడికి పోతోందిరా?" అని ఆవిడ అడుగుతుంది. వాడు ఏదో చెబుతాడు. "అయితే దాని పిల్లలకు ఎవరు పెడతారు?" అంటుంది. వాడు ఆలోచిస్తాడు. అమెరికాలో కొందరు తల్లిదండ్రులకు సరిగ్గా ఇదే నేర్పి చూసి, ఆ సంగతులు 1988లో ప్రకటించారు: గబగబా చదివెయ్యకుండా ప్రశ్న వెయ్యాలి, పిల్లవాడు అన్న మాటకు ఇంకొక మాట కలపాలి. రెండు మూడేళ్ళ పిల్లలు. ఒక నెల గడిచాక చూస్తే వాళ్ళు, మామూలుగా చదివించుకున్న పిల్లల కన్న మాట్లాడటంలో కొన్ని నెలలు ముందున్నారు.

ప్రశ్నల్లోనూ తేడా ఉంది. "ఇదేమిటి? ఇంగ్లీషులో ఏమంటారు? అది ఏ రంగు?" అని వరసగా అడిగితే అది పరీక్ష. పిల్లవాడు పుస్తకం మూసేసి పారిపోతాడు. చదువుకున్న తల్లిదండ్రులే ఈ తప్పు ఎక్కువగా చేస్తారు. నాయనమ్మకు జవాబు నిజంగా తెలియదు గనక తెలుసుకోవాలనే అడుగుతుంది.

బొమ్మ చూపించి కథ చెప్పడం మన నేలకు కొత్త కాదు. తెలంగాణాలో సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డ మీద పొడుగాటి పటాలు వేస్తారు. కథ చెప్పేవాళ్ళు ఆ పటాన్ని ఊరి మధ్య వేలాడదీసి, కొంచెం కొంచెంగా విప్పుతూ, పుల్లతో బొమ్మను చూపిస్తూ కథ నడిపిస్తారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం అలాగే చెప్పేవారు. విన్నవాళ్ళలో ఎంతమందికి అక్షరాలు వచ్చు? పటం మాత్రం అందరికీ వచ్చు.

అంటే అక్క చదవడం దండగ అని కాదు. పుస్తకంలో మనం ఇంట్లో రోజూ వాడని మాటలు ఉంటాయి. అవి చెవిన పడాలంటే ఎవరో ఒకరు చదవాలి. పరీక్షల రోజుల్లో ఆదివారం ఒక్కసారి చదువు. తక్కిన రోజులు నాయనమ్మవి. నువ్వు చదివినదానికీ ఆవిడ చెప్పినదానికీ పొంతన కుదరకపోతే తమ్ముడే మీ ఇద్దరి మధ్యా తగువు తీరుస్తాడు.

ఏ పుస్తకాలు అని అడుగుతారు. నేను పైన చెప్పినవి ఇంగ్లీషువే అయినా, రోజీ కథలాంటి దాన్ని ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. తెలుగులో కావాలంటే నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం ఉంది. మద్రాసులో తూలిక వారూ, బెంగుళూరులో ప్రథమ్ బుక్స్ వారూ, సికిందరాబాదులో మంచి పుస్తకం వారూ చిన్న పిల్లలకు తెలుగు బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో తెరిచిన "స్టోరీవీవర్" అనే చోట ఇంటర్నెట్టులో డబ్బివ్వకుండానే చదవవచ్చు. కాని ఫోను అద్దం మీద వేలు పెడితే బొమ్మ జారిపోతుంది. వేలు పెట్టే వయసుకు కాగితమే మేలు. ఇంకో మాట. 1991కి ముందు మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఎన్నో ఇళ్ళలో అటక మీద ఉండే ఉంటాయి. అట్ట ఊడినా బొమ్మలు చెక్కుచెదరవు. ఒకసారి దించి చూడండి.

ఉత్తరం రాసిన అమ్మాయీ, పరీక్షలు బాగా రాయి. అయిపోయాక తమ్ముణ్ణి కూచోబెట్టుకుని, ఆ పుస్తకంలో నువ్వు చదవని సంగతులు ఏమేం ఉన్నాయో వాణ్ణే అడుగు. వాడు చెప్పింది చెప్పినట్టు నాకు రాసి పంపు. "ఇది ఎందుకు పడిపోయింది?" అన్న ప్రశ్నకు నాయనమ్మ ఏం చెప్పిందో కూడా రాయి. నువ్వు జవాబు చెప్పకుండా పుట తిప్పేశావు. నాకు అది తెలుసుకోవాలని ఉంది.