నెలకో రాత్రి పెద్దకూర

నెలనెలా జీతాలు పడ్డ తర్వాత వచ్చే మొదటి శనివారం రాత్రి మేం ఏడెనిమిది మందిమి ఒకచోట కూడతాం. ఈ పత్రిక పని చూసేవాళ్లం కొందరం, మా దోస్తులు కొందరు. ఒకరు బడిపంతులు, ఒకరు బ్యాంకు గుమాస్తా, ఒకరు ఆటో నడుపుతారు, ఇద్దరు కంప్యూటర్ కంపెనీల్లో పనిచేస్తారు, ఒకరికి ఇంకా ఏ ఉద్యోగమూ రాలేదు. మాలలం ఉన్నాం, మాదిగలం ఉన్నాం, ఒక ముస్లిం దోస్తు, ఒక చాకలి దోస్తు ఉన్నారు. హైదరాబాదు పాతబస్తీ వైపు ఒక చిన్న హోటల్. రేకుల కప్పు, గట్టి బల్లలు. కల్యాణి బిర్యానీ, పాయా, కుర్మా, ఎర్రగా వేయించిన కార్జం. బోర్డు మీద ఏ మాంసమో రాసి ఉండదు. "బడే కా" అంటే చాలు, తెలిసినోళ్లకు తెలుస్తుంది. బీదరు దిక్కు నుంచి వచ్చిన కల్యాణి నవాబుల దేవిడీలో పుట్టిన వంట అని చెప్తారు. నవాబు వంట ఎట్లా వచ్చిందో వచ్చింది, వచ్చి పేదోడి పళ్లెంలో కూచుంది. యాటకూర బిర్యానీ కొనలేనోడు కూడా ఇక్కడ కడుపునిండా తిని లేస్తాడు.

పెళ్లి సంబంధాలు, కోర్టు కేసులు, ప్రమోషన్లు, చావులు అన్నీ ఆ బల్ల మీదే మాట్లాడుకుంటాం. తర్వాతి సంచికలో ఏం వెయ్యాలో కూడా చాలాసార్లు అక్కడే తేలుతుంది. ఈ సంపాదకీయం కూడా అట్లా తేలిందే. కాకపోతే ఈసారి బల్ల మారింది.

మా దోస్తుల్లో ఒకతనికి ప్రమోషన్ వచ్చింది. "ఈ నెల నా దావత్, నేను చెప్పిన కాడికే రావాలె" అన్నాడు. జూబ్లీహిల్స్ వైపు ఒక స్టేక్ హౌస్‌కు తీసుకపోయాడు. చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, సన్నటి పాట. మంట మీంచి నేరుగా దించిన ఇనుప పళ్లెం బుసలు కొడుతూ వచ్చింది. దాని మీద అరచేయంత మందం మాంసం ముక్క. మాకు ఇచ్చిన కార్డులో గొడ్డు అన్న మాట లేదు, దున్న అన్న మాట లేదు. 'టెండర్లాయిన్' అని ఉంది. అంటే ఏందని మా ఆటో దోస్తు అడిగితే వడ్డించే పిల్లవాడు అటూ ఇటూ చూసి, వంగి, చెవిలో చెప్పాడు: "బఫెలో సార్."

పక్క బల్లల మీద ఉన్నవాళ్లు మా వాడల నుంచి వచ్చినోళ్లు కారు. అది వాళ్ల మాటల్లో, ఇంటిపేర్లలో, పిల్లల్ని పిలుచుకునే తీరులో తెలుస్తూనే ఉంది. అమెరికా నుంచి సెలవుకొచ్చిన కుటుంబం ఒకటి అక్కడ డల్లాసులో తినే స్టేక్ ఎంత మెత్తగా ఉంటుందో చెప్పుకుంటా ఉంది. డల్లాసులో ఇనుప పళ్లెం మీదికి వచ్చేది దున్న కాదు, ఆవు జాతిదే. తినడం మీద మాకు ఏ పేచీ లేదు. తినాలె, ఇంకా తినాలె. మేం చూసింది ఒక్కటే. ఆ రాత్రి అక్కడ ఎవరూ ఎవరి కులం అడగలేదు. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. ఎవరూ రాయి విసరలేదు. అదే దున్న, అదే కండ. మా వాడలో వండితే కంపు, కొండ మీద ఇంగ్లీషు పేరు పెట్టి వడ్డిస్తే నాగరికత!

బిల్లు సంగతి చెప్పొద్దు. పాత హోటల్లో మేం ఏడాది పొడుగునా తినే తిండికి అది దగ్గరికొచ్చింది.

అసలు సంగతి బయటికొచ్చాక జరిగింది. మెట్ల మీద నిలబడి ఫోటో దిగాం. దావత్ ఇచ్చిన దోస్తు ఫోన్ జేబులో పెట్టుకుంటా అన్నాడు: "అన్నా, పళ్లెం కనపడే ఫోటోలు ఎక్కడా పెట్టకండ్రి. ఇంటి ఓనరు చూస్తడు."

ఒక్క నిమిషం ఎవరం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. ఇప్పుడుంటున్న కిరాయి ఇల్లు "మాంసం ముట్టం" అని చెప్పి తీసుకున్నదట. అంతకు ముందు మూడు ఇళ్లు చూశాడు. మొదట తిండి అడుగుతారు, తర్వాత ఊరు అడుగుతారు, తర్వాత ఊర్లో ఇల్లు ఏ దిక్కున అని అడుగుతారు. తిండి అడగడమంటే కులం అడగడమే, కొంచెం మర్యాదగా. పోయిన సంక్రాంతి తర్వాత వాళ్లమ్మ ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చింది. ఎండబెట్టిన ఒట్టి తునకలు బట్టలో మూటగట్టి, సంచి అడుగున పెట్టి తెచ్చింది. కొడుక్కి చిన్నప్పటి నుంచి గోంగూరలో వేసిన తునకలంటే ప్రాణం. ఈయన వండొద్దన్నాడు. వాసన పైదాకా పోతదన్నాడు. నాలుగు రోజులుండి ఆ తల్లి ఆ మూటను అట్లనే ఊరికి తీసుకపోయింది. "ఏమన్లేదన్నా. మంచిగుండు బిడ్డా అని పోయింది" అన్నాడు.

పెద్ద జీతం, పెద్ద కుర్చీ, చేతిలో కత్తీ ఫోర్కూ. కానీ అమ్మ చేతి కూర ఇంట్లో వండుకునే స్వాతంత్ర్యం లేదు. ఇదీ మా దోస్తు ప్రమోషన్!

మేం ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఇది ఆయనొక్కడి భయం కాదు. మనలో ఎందరు ఆఫీసుల్లో టిఫిన్ డబ్బా మూత సగం తెరిచి తినడంలేదు? ఎందరు తల్లులు కిటికీలు మూసి వండడంలేదు? ఎందరు పిల్లలు బడిలో "నిన్న ఏం కూర?" అంటే "కోడికూర" అని అబద్ధం చెప్పడం నేర్చుకోలేదు? ఈ సిగ్గు మనతో పుట్టలేదు. మనకు నేర్పారు. ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో తెలుసుకోవాలె.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1948లో అచ్చైన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో ఈ ముడినే విప్పారు. ఒకప్పుడు బ్రాహ్మణులు కూడా యజ్ఞాల్లో గోవును బలిచ్చి తిన్నవాళ్లేనని వాళ్ల శాస్త్రాల నుంచే చూపెట్టారు. బౌద్ధం జనంలో నిలబడ్డాక, దానిపై పైచేయి కోసం బ్రాహ్మణులు మాంసం వదిలి ఆవును పూజకెక్కించారని, గోమాంసం తింటూ ఉండిపోయిన ఊరిబయటి ఓడిన జనాన్ని అంటరానోళ్లను చేశారని ఆయన వాదం. అంటరానితనం క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని లెక్కగట్టారు. అంటే మనం తింటున్నందుకు వెలివేశారు. వాళ్లు తిని మానేసిన సంగతి మాత్రం దాచిపెట్టారు.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు: "1927లో మహద్‌లో అంబేడ్కరే కదా మానెయ్యమన్నది?" సరైన ప్రశ్నే. సరిగ్గా జవాబు చెప్పుకోవాలె. ఆయన మానమన్నది చచ్చిన గొడ్డును. దొర కొట్టంలో చచ్చిన పశువును ఈడ్చుకపోయే వెట్టిని, ఆ వెట్టికి కూలిగా పారేసే మాంసాన్ని మానమన్నారు. అది తిండి కాదు, బానిసత్వం. మన తాతలు కరువులో దాన్ని తిని బతికారు, అందుకు వాళ్లను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ సంతలో డబ్బిచ్చి కొన్న గొడ్డును కోసుకుని, పోగులేసుకుని, ఇంటింటికీ సమానంగా పంచుకుని తినడం వేరు. కింద పడేస్తే ఏరుకునేది వెట్టి. కొని, కోసి, పంచుకునేది హక్కు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే బాబాసాహెబ్ మాటనే బాబాసాహెబ్ పిల్లల మీద కర్రలా వాడతారు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1977లో గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం చేసింది. దాని ప్రకారం ఆవునూ దూడనూ కోయకూడదు. ఎద్దు, దున్న, గేదె వంటివి పనికీ పాడికీ సంతానానికీ ఇక పనికిరావని అధికారి సర్టిఫికెట్ ఇస్తే కోయొచ్చు. అంటే మా హోటల్ బల్ల మీది దున్న కూర నేరం కాదు. 1958లో ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు ఆవులు, దూడల మీద నిషేధాన్ని ఒప్పుకుంటూనే, పనికి రాకుండా పోయిన ఎద్దుల మీదా గేదెల మీదా పూర్తి నిషేధం సమంజసం కాదంది. ఈ మాంసం చవక కాబట్టి పేదలకు అందుబాటులో ఉందని కూడా గుర్తించింది. 2005లో అదే కోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం గుజరాత్ కేసులో ఎద్దుల విషయంలో ఆ మాటను తిరగదోడింది. 2015లో మహారాష్ట్ర ఎద్దులను కూడా నిషేధంలోకి తెచ్చింది. 2017 మే నెలలో కేంద్రం సంతల్లో పశువులను కోతకు అమ్మకూడదని నిబంధనలు తెచ్చింది. మద్రాసు హైకోర్టు ఆపింది, జూలైలో సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను దేశమంతటికీ వర్తింపజేసింది. ముసలి ఎద్దును సంతలో అమ్ముకోలేని రైతు కొత్త ఎద్దు దేంతో కొంటాడు? గోరక్షకుడు గడ్డి కొనిస్తాడా?

చట్టం ఒప్పుకున్నా వీధి ఒప్పుకోదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో మన విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే రాళ్లు పడ్డాయి. 2015 డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు, మళ్లీ చేద్దామంటే కోర్టు ఉత్తర్వు అడ్డం వచ్చింది, పోలీసులు విద్యార్థుల్ని పట్టుకపోయారు. ఆ ఏడే సెప్టెంబరులో దాద్రీలో ఇంట్లో మాంసం ఉందన్న పుకారుతో ఒక ముస్లిం పెద్దమనిషిని కొట్టి చంపారు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని చొక్కాలు విప్పించి కొట్టారు. నెల తిరక్కముందే, ఆగస్టులో, మన అమలాపురం దగ్గర కరెంటు షాకుకు చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ముల్ని చెట్టుకు కట్టి కొట్టారు.

చూడండి ఈ ధర్మం! చచ్చిన ఆవును ఎత్తకపోతే తంతారు. ఎత్తి తోలు తీస్తే తంతారు. ఆ తోలుతో చేసిన చెప్పులు మాత్రం గుడి మెట్ల దాకా తొడుక్కుంటారు. ఊనా తర్వాత గుజరాత్ దళితులు మంచి జవాబే చెప్పారు. చచ్చిన పశువుల్ని తెచ్చి సర్కారు కచేరీ ముందు పారేసి, "మీ అమ్మను మీరే చూసుకోండి" అన్నట్టు తిరిగిపోయారు.

ఇదంతా చెప్పాక మా మీదికి మేమే ఒక వేలు చూపించుకోవాలె. లేకపోతే ఈ రాతకు విలువ లేదు.

ఆ రాత్రి మెట్ల మీద అందరం నోరు మూసుకుని ఉంటే ఉద్యోగం లేని తమ్ముడు ఒక మాటన్నాడు. "అన్నా, ఇన్నేండ్లయింది కూడబట్టి. ఈ బల్ల మీద ఒక్కసారన్న మన అక్కలు, అమ్మలు కూసున్నరా?" నిజమే. కూచోలేదు. మేం విముక్తి గురించి, ఆత్మగౌరవం గురించి గంటలకు గంటలు మాట్లాడుతుంటే ఇళ్లల్లో మా ఆడోళ్లు మిగిలిన పులుసుతో తిని పడుకున్నారు. తునకలు కోసింది వాళ్లు, ఎండబెట్టింది వాళ్లు, కాకుల్ని కాసింది వాళ్లు, వాసన వస్తుందని మాటలు పడ్డది వాళ్లు. కండ ముక్కలు మగోళ్ల పళ్లెంలోకి, ఎముకలు వాళ్ల పళ్లెంలోకి. ఊరు వాడకు చేసిందే మేం ఇంట్లో చేస్తే మాకూ మనువుకూ తేడా ఏముంది? మూట తిరిగి తీసుకపోయిన ఆ తల్లి కథ కొడుకు చెప్తే విన్నాం. ఆమె నోటితో ఎప్పుడు వింటాం?

ఇంకో మాట. తినడం హక్కు అంటే అందరూ తినాలని కాదు. మనలో ఆరోగ్యం కోసం మానినోళ్లున్నారు, ఇష్టం లేక మానినోళ్లున్నారు. వాళ్లూ మనోళ్లే. మా బల్ల మీద పప్పన్నం తిని లేచే దోస్తు ఒకరున్నారు. ఇష్టంతో మానడం వేరు, సిగ్గుతో మానడం వేరు. భయంతో మానడం అసలు మానడమే కాదు, మాన్పించడం. పైకొచ్చిన మాల కానీ మాదిగ కానీ "మేం తినం" అని వెనకున్న అన్నదమ్ముల్ని చిన్నచూపు చూస్తే అది పైకి రావడం కాదు. నిచ్చెన ఎక్కి కిందోడి చెయ్యి తొక్కడం. ఈ పోరాటంలో కోసే ఖురేషీ, అమ్ముకునే రైతు, తోలు పనిచేసే మాదిగ, తినే మాల, ముస్లిం, క్రైస్తవుడు అందరూ ఒకే బల్ల చుట్టూ ఉన్నోళ్లం. ఒకరి పళ్లెం లాగేస్తే అందరి పళ్లెమూ పోయినట్టే.

మా డిమాండ్లు పెద్దవేం కావు. తిండి అడిగి కిరాయి ఇల్లు లేదనడాన్ని కుల వివక్షగా చట్టం గుర్తించాలె. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పిల్లల్ని అడిగి, వాళ్లు కోరితే, చట్టం ఒప్పుకున్న ఈ చవకైన బలమైన తిండిని వారానికొకసారైనా పెట్టాలె. ప్రతి మున్సిపాలిటీలో పెద్దకూరకు శుభ్రమైన కోతశాల, నీళ్లు, పశువుల డాక్టరు ఉండాలె. మురికి కాలువ పక్కకు నెట్టి, తర్వాత మురికి అని ముక్కు మూసుకోవడం ఇక చెల్లదు.

వచ్చే నెల మొదటి శనివారం మేం పాతబస్తీ హోటల్‌కు పోవడం లేదు. కొండ మీది స్టేక్ హౌస్‌కు అసలే పోవడం లేదు. దావత్ ఇచ్చిన దోస్తు ఇంట్లోనే కూడుతున్నాం. ఆ మాట అన్నది ఆయనే. వాళ్లమ్మకు ఫోన్ చేసి, మూట మళ్లీ తెమ్మన్నాడు. ఆమె మొదట నమ్మలేదట. "ఓనరు ఏమంటడో బిడ్డా" అన్నదట. "అన్ననీ, నేను మాట్లాడుత" అన్నాడట. కిటికీలు తెరిచే ఉంటాయి. ఈసారి పొయ్యి దగ్గర మగోళ్లం ఉంటాం, ముందు పళ్లెం అమ్మది, తర్వాత అక్కలది, చెల్లెళ్లది. ఓనరును కూడా పిలుస్తున్నాం. వస్తే తింటాడు. రాకుంటే వాసన ఎట్లాగూ పైదాకా పోతది.

ఇల్లు ఖాళీ చెయ్యమంటే? ఆ ప్రశ్న మాకూ ఉంది. చెయ్యమంటే ఆ కాగితం మీద కారణం రాసిమ్మంటాం. ఆ కాగితాన్ని ఈ పత్రికలోనే అచ్చేస్తాం. సామాన్లు మోయడానికి ఏడెనిమిది మందిమి ఉన్నాం, ఆటో కూడా ఉంది.

జై భీమ్!