చిన్న కడుపు, పెద్ద విస్తరి



గడచిన మాసమున ఈ పుటయందు పచ్చిపసుపు కొమ్ముల ఊరగాయను గూర్చి వ్రాసి, ఈ మాసమున వడియములను గూర్చి ముచ్చటింతుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పవలసి వచ్చినది. కారణ మొక యుత్తరము. జగిత్యాల ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసినది. ఆమె స్థూలకాయముచే చాల బాధపడి నాలుగు నెలల క్రిందట కడుపునకు శస్త్రచికిత్స చేయించుకొన్నదట. రాబోవు మాసమున ఆమె అన్నగారి కుమార్తె వివాహము. "విస్తరి ముందు నేనేమి చేయవలెను? తినలేను, తినకుండ లేవలేను. జ్వరమని చెప్పి యింటనే యుండిపోదునా?" అని యడిగినది. తన పేరు వ్రాయవలదనియు కోరినది.

ఈ యుత్తరమును మేము రెండుమారులు చదివి, మూడవమారు మా యింటివారికి చదివి వినిపించితిమి. ఆయన కండ్లద్దములు తీసి తుడుచుకొని, "ఇంక దాచి లాభము లేదు, వ్రాయుము" అనిరి. కావున వ్రాయుచున్నాము. మూడేండ్ల క్రిందట మేమును ఆ చికిత్స చేయించుకొన్నవారమే. పెర్కిట్టులో మా వాడకట్టువారిలో సగముమందికి నేటికిని మేము కడుపులో పుండునకు ఆపరేషన్ చేయించుకొంటిమనియే తెలియును. ఆ యబద్ధ మాడినవారము మేమే.

అప్పటికి మా వయస్సు 33 ఏండ్లు, ఎత్తు అయిదడుగులు, బరువు 112 కిలోలు. మధుమేహము పట్టి నాలుగేండ్లయినది. ఆర్మూరు సిద్ధులగుట్ట ఎక్కవలెనని పిల్లలు బయలుదేరినచో మేము క్రిందనే చెప్పుల కాపలా కూర్చుండెడివారము. చూచినవారెల్లరు "నోరు కట్టుకొనరాదా?" అనువారే. బాల్యమున మా తండ్రిగారు మాచేత చరకసంహితలోని కొన్ని భాగములు చదివించిరి. అందు సూత్రస్థానము 21వ అధ్యాయమున అతిస్థూలుని గూర్చి చెప్పుచు, వానికి గలుగు దోషములలో మితిమీరిన ఆకలిని, మితిమీరిన దప్పికను గూడ చేర్చియున్నాడు. ఆకలియు రోగములోని భాగమేయని అంత ప్రాచీనుడు గ్రహింపగా, మా మేనత్త మాత్రము గ్రహింపలేదు. ఆమె మమ్ము చూచినప్పుడెల్ల "కుంభకర్ణుని చెల్లెలు" అనెడిది. కుంభకర్ణుని చెల్లెలు శూర్పణఖ యని ఆమెకు తోచలేదు కాబోలు; తోచియే యన్నదేమో!

ఈ చికిత్సలు నేడు పుట్టినవి కావు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు కడుపును చిన్న సంచిగా విడదీసి ప్రేగుతో కలిపెడి పద్ధతిని ఆరంభించెను. దానిని గ్యాస్ట్రిక్ బైపాస్ అందురు. మాకు చేసినది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ యనునది. ఇందు కడుపులో సుమారు ముప్పాతిక వంతు కోసి తీసివేయుదురు. మిగులునది అరటికాయవంటి సన్నని గొట్టము. తీసివేసిన భాగముననే గ్రెలిన్ అను ఆకలి పుట్టించు రసము హెచ్చుగ తయారగును. దీనిని 1999లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కనుక కడుపు చిన్నదగుటయే కాదు, ఆకలి కేకయు సన్నగిల్లును. క్రొవ్వును గొట్టముతో పీల్చివేయు లైపోసక్షన్ వేఱు, ఇది వేఱు. రెంటిని కలిపి భయపడువారు మా బంధువులలో చాలమంది కలరు.

మా అత్తగారు వారము దినములు అన్నము ముట్టలేదు. ఆమెను ఓదార్చుటకై మా యింటివారు, "2011లో భారతీయ జనతా పార్టీ అధ్యక్షులుగ నున్నప్పుడు నితిన్ గడ్కరీగారును ఇటువంటి చికిత్స చేయించుకొనిరి, ఏమియు కాలేదు" అని చెప్పిరి. దానికామె, "ఆయనకు వండిపెట్టెటోళ్లు పదిమంది ఉంటరు. దీనికెవలున్నరు, నేను తప్ప?" అనెను. అన్నట్లే వండి పెట్టినది గూడ ఆమెయే. మొదట పలుచని నీళ్లు, తేరిన పెసరకట్టు, పలుచని చల్ల. పిమ్మట పాలు, జావ. ఆ తరువాత మెత్తగ మెదిపిన పప్పు, గ్రుడ్డు, పెరుగు. ఇట్లు మెట్టు మెట్టుగ సాగి, ఇంచుమించు రెండు నెలలకు గాని మామూలు తిండి దరిచేరలేదు. ఒక చిన్న మసాలాగిన్నెలో పెసరకట్టు పోసి యిచ్చుచు, "గింత తాగితే బతుకుతవా బిడ్డా?" అని ఆమె ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెడిది. అది చూడలేక మేము మఱియొక గ్రుక్క త్రాగిన దినములు కలవు. ఆ గ్రుక్క తిరిగి వచ్చెడిది.

ఇక ఇష్టమైన వంటకముల సంగతి. ఏది సరిపడును, ఏది సరిపడదు అనుట ఒక్కొక్కరి కొక్కొక రీతి. మాకు మెత్తని గోధుమ చపాతి ఉండకట్టి ఎదలో నిలిచిపోయెడిది. జొన్నరొట్టెను మాత్రము పప్పుచారులో నానవైచి తినగలిగితిమి. ఎండిన కోడిమాంసము రాయివలె నుండెను. గ్రుడ్డు, చేప సులువుగ దిగెను. పూర్వము ప్రాణప్రదముగ నుండిన పచ్చిపులుసు ఆరు నెలలు రుచింపలేదు. పిమ్మట తనంత తానే మరల రుచించినది. వైద్యులు దినమునకు 60 గ్రాములకు తగ్గకుండ మాంసకృత్తులు తినుమనిరి. అందుచే ప్రతి పూట మొదటి ముద్దలు పప్పు, గ్రుడ్డు, పెరుగు, చేప, అన్నము చివర. తెలంగాణపు టింటిలో అన్నమును చివరకు నెట్టుట ఎంత పని యో మీరే యూహించుకొనుడు.

చరకుడు కడుపును మూడు పాళ్లు చేసి, ఒకటి గట్టి పదార్థమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాతాదులకు విడువవలెనని విమానస్థానమున చెప్పినాడు. మాకు మిగిలినదే ఒక పాలు గదా! అందుచే తినునప్పుడు నీళ్లు త్రాగరాదు. తినిన అరగంట దాటిన పిమ్మటనే త్రాగవలెను. ఈ యొక్క నియమమే మాకన్నిటికంటె కష్టమైనది.

అయిదవ నెలలో సద్దుల బతుకమ్మ వచ్చినది. చెఱువుకడకు మేమును వెళ్లితిమి. అప్పటికి 24 కిలోలు తగ్గియుంటిమి, క్రొత్త రవిక కుట్టించుకొంటిమి, ఎల్లరు "ఎంత చక్కగున్నవే!" అనుచుండిరి. బతుకమ్మలను నీట విడిచిన పిమ్మట గట్టుపై సద్దులు పంచుకొనుట మీకు తెలిసినదే. మా చిన్ననాటి నేస్తురాలు మలీద ముద్ద చేతిలో పెట్టినది. రొట్టె, బెల్లము, నేయి. ఆ గర్వములో, ఆ సంబరములో రెండు ముద్దలు గబగబ మ్రింగితిమి. పావుగంట కాకమునుపే గుండె దడదడ కొట్టుకొనెను. చెమటలు క్రమ్మెను. కడుపులో మెలిపెట్టెను. పాటలు సాగుచునే యున్నవి. మేము చెట్టు మొదట కూలబడి, పిల్లలను చూడకయే పోవుదుమని నిశ్చయించుకొంటిమి. ఒక బంధువు "దిష్టి తాకినది" అనెను. మఱియొకతె నవ్వెను.

అది దిష్టి కాదు. తీపి పదార్థము చిన్న కడుపులో నిలువక తటాలున ప్రేగులోనికి జాఱును. అచటికి దేహమునుండి నీరు లాగబడును. దాన ఈ గుండెదడ, చెమట, తలత్రిప్పుట కలుగును. వైద్యులు దీనిని డంపింగ్ అందురు. బైపాస్ చేయించుకొన్నవారికి హెచ్చు, మావంటివారికిని రావచ్చును. కొందఱికి తినిన ఒకటి మొదలు మూడు గంటలకు రక్తములో చక్కెర పడిపోయి వణకు పుట్టును. మేము మఱునాడు వైద్యునితో మాటలాడు వఱకు ఇవి యేవియు ఎఱుగము. ముందు ఇచ్చిన కాగితములలో వ్రాసియే యుండెను, మేమే చదువలేదు. నేడు మలీద తినుట మానలేదు. భోజనానంతరము గోలికాయంత తీసికొని, పది నిమిషములు నోటనుంచుకొందుము. బెల్లపు రుచి ఇంత యుండునని 33 ఏండ్లు ఎఱుగకయే గుటుక్కున మ్రింగుచుంటిమి.

భయపెట్టిన మలీద మమ్ము ఏమియు చేయలేకపోయినది గాని, మెత్తగ మోసగించినవి సకినాలు. రెండవ సంక్రాంతికి అత్తగారు డబ్బా నిండ చేసిరి. చపాతివలె అవి ఎదలో నిలువవు. కరకరలాడి పొడియై సులువుగ దిగిపోవును. కడుపు నిండినట్లే యుండదు. వంటయింటిలోనికి పోవుచు ఒకటి, వచ్చుచు ఒకటి. రెండు నెలలలో 4 కిలోలు తిరిగి వచ్చినవి. కడుపు కోసినను చేయి కోయలేదు గదా!

ఇంతకంటె వ్రాయుటకు కష్టమైనది ఒకటి గలదు. మా ఊరికి చేరువ నున్న అంకాపూరు పేరు మీరు వినియే యుందురు. ఎఱ్ఱజొన్న, పసుపు, విత్తనముల సేద్యమునకెంత ప్రసిద్ధియో, దేశికోడి కూరకు నంత ప్రసిద్ధి. దారి ప్రక్కన స్త్రీలు మక్కకంకులు కాల్చి యమ్ముచుందురు. కోడి కావలెనని చెప్పినచో కోసి, అప్పటికప్పుడు వండి, అన్నముతో గూడ ఇత్తురు. పెండ్లియైన నాటినుండి జీతము వచ్చిన మొదటి ఆదివారము మా యింటివారు మమ్ము అచటికి తీసికొనిపోవుట వాడుక. బడిపంతులు సంసారములో అంతకు మించిన విలాసము లేదు. చికిత్స తరువాత ఆయన ఆ మాట యెత్తలేదు. మేమును ఎత్తలేదు. ఒకనాడు సంచి ఉతుకబోయి చూడగా మక్కకంకి పీచు, ఉప్పు కాగితము కనబడెను. బడి నుండి వచ్చుచు ఒంటరిగ తిని, మాకు తెలియకుండ మూతి కడుగుకొని వచ్చుచున్నారట! మాకు కోపము రాలేదు, కడుపు తరుగుకొని పోయినది. మాకై ఒక మనుష్యుడు మక్కకంకిని దొంగతనముగ తినవలసి వచ్చెనుగదా యని.

ఆ ఆదివారమే వెళ్లుదమని మేమే పట్టుబట్టితిమి. సగము కోడి చెప్పితిమి. దేశికోడి గట్టిగ నుండును. కావున ఉడికి మెత్తబడిన ముక్క నేఱుకొని, చిటికెన గోరంత చీల్చి, ఒక్కొక్క దానిని ఇరువదిమారులు నమలి, పులుసుతో తడిపి తింటిమి. నాలుగు చీలికలు, కాలేయపు ముక్క ఒకటి, రెండు చెంచాల యన్నము. అరగంట పట్టినది. వడ్డించు కుఱ్ఱవాడు వచ్చి, "ఏమమ్మా, కూర మంచిగలేదా?" అని దిగులుగ నడిగెను. మేము నోరు విప్పకమునుపే మా యింటివారు, "మంచిగున్నది గనుకనే నిదానముగ తింటున్నది" అనిరి. మిగిలినది డబ్బాలో కట్టించుకొని వచ్చితిమి. పిల్లలు రాత్రికి తినిరి.

ఇప్పుడు ఉత్తరము వ్రాసిన సోదరికి. తప్పక వెళ్లుడు. ముందునాడే మీ వదినగారి నొక్కరిని ప్రక్కకు పిలిచి ఉన్నదున్నట్లు చెప్పుడు; కొసరి కొసరి వడ్డించువారిని ఆమె ఆపగలదు. నలకరలాడు ఆకలితో పోవలదు. ఆకలిపై చేయి ఆగదు. బఫే యైనచో మీకే మేలు, ఎవరి పళ్లెమును ఎవరు చూడరు. బంతి యైనచో చివరి విస్తరి చూచుకొని, ప్రక్కన ఎదిగిన మేనల్లుని కూర్చుండబెట్టుకొనుడు. మీ విస్తరి అతడే ఖాళీ చేయును. పప్పు, పెరుగు ముందు. గ్యాసు పానీయములు వలదు. ఎక్కిళ్లుగాని, తుమ్ముగాని, ముక్కు కారుటగాని మొదలైనచో ఇక చాలునని కడుపు చెప్పినట్లే. మఱి యొక్క ముద్దయు పెట్టవలదు. మాకు తుమ్ము వచ్చును. మా పిల్లలు "అమ్మ బెల్లు కొట్టింది" అందురు.

విందు సంగతి కాకున్నను రెండు మాటలు చెప్పక విడువలేము. బి12, ఇనుము, సున్నము, డి విటమినుల మాత్రలు జీవితాంతము మానరాదు. నెలసరి వచ్చు స్త్రీలకు ఇనుము మఱియు ముఖ్యము. మూడు నెలలు దాటగా మీ జుట్టు రాలుచుండునేమో. మాకును రాలినది, మరల వచ్చినది. వాంతులు కొన్ని దినములు విడువకున్నచో "అలవాటగును" అని యింట కూర్చుండక వెంటనే వైద్యుని చూడుడు. బి1 లోపించి నరములకును మెదడునకును హాని కలుగవచ్చును. సంతానము కోరువారు ఏడాది మొదలు ఏడాదిన్నర వఱకు ఆగవలెనని వైద్యులు చెప్పుదురు.

ఇది వ్రాయుచుండగా మా అత్తగారు వచ్చి, "నా పేరు గిట్ల రాస్తున్నవా?" అని యడిగిరి. వ్రాయలేదని చెప్పి, మసాలాగిన్నె సంగతి మాత్రము చదివి వినిపించితిమి. ఆమె లోపలికి పోయి ఆ గిన్నెను తెచ్చి, చింతపండుతో తోమి, జగిత్యాల సోదరికి పంపుమని మా బల్లపై పెట్టిరి. చిరునామా పంపినచో తప్పక పంపుదుము.

వడియముల సంగతి రాబోవు మాసమున.